ఎన్ని అడుగులు తవ్వావో చెప్పు

"ఓటమే గెలుపుకి తొలిమెట్టు" అని స్లైడు వేసే వక్తల్ని చూస్తే నాకు ఒళ్ళు మంట. ముందు ఓడిపోయానని ఒప్పుకోవాలి కదా!

మా నెల్లూరు జిల్లా కొండాపురం వైపు రైతు బోరు వేయిస్తే, నీళ్ళు పడకపోయినా దాచలేడు. ఊరంతా చూస్తుండగానే దుమ్ము లేస్తుంది. ఎన్ని అడుగులు పోయిందో తెల్లారేసరికి టీ కొట్టులో అందరికీ తెలుసు. పక్క పొలమాయన తన పాయింటు మార్చుకుంటాడు. అప్పు మాత్రం ఈయనొక్కడిదే, అది వేరే ఏడుపు.

మరి మన ఐటీలో? సత్యం సంగతి చూడండి. అసలు లాభానికీ, చూపించిన లాభానికీ మొదట్లో తేడా కొంచెమేనట. అప్పుడే చెప్పుంటే షేరు పడేది, అంతే. 2009 జనవరి 7న రామలింగరాజు గారి ఉత్తరం వచ్చేసరికి, పుస్తకాల్లో ఉన్న 5,040 కోట్ల నగదు లేనేలేదు! అంతకు ముందు నెలలో మేటాస్‌ని కొనబోయింది కూడా ఆ గొయ్యి పూడ్చడానికేనని ఆయనే రాశారు. 2015లో ప్రత్యేక కోర్టు శిక్ష వేసింది దాచినందుకే (తర్వాత అప్పీలుకెళ్ళారు లెండి).

మొన్న మా ఫ్రెండొకడు స్టార్టప్ మూసేసి, లింక్డిన్‌లో "కొత్త ప్రయాణం" అని రాశాడు. కస్టమర్లు ఎందుకు పోయారో, జీతాలు ఎన్ని నెలలు ఆపాడో ఒక్క ముక్క లేదు. ఎన్ని అడుగులు తవ్వావో చెప్పవయ్యా బాబూ, నేనూ అక్కడే బోరు వేద్దామనుకుంటున్నా!