కనిపించని సేవ

జంషెడ్‌పూర్‌కు తొలిసారి బయలుదేరినవారు రైల్వే కాలపట్టికలో ఆ పేరు వెదికితే స్టేషను కనిపించదు. 1919లో వైస్రాయి ఛేమ్స్‌ఫర్డ్ ప్రభువు సాక్చీ గ్రామానికి జంషెట్‌జీ టాటా స్మారకంగా జంషెడ్‌పూర్ అని నామకరణం చేశాడు. కాళీమాటి రైలు స్టేషను మాత్రం టాటానగర్ అయింది. ఉక్కు కర్మాగారంలో పనికోసం శ్రీకాకుళం ప్రాంతం నుండి తరలివెళ్లిన తెలుగువారు టికెట్టు కొన్నది టాటానగర్‌కే. ఊరు ఉంది, స్టేషనూ ఉంది. ఏ పేరుతో వెదకాలో తెలియాలి.

యూనిక్స్ కంప్యూటర్లలో కనిపించకుండా పోయిన సేవల కథ కూడా తరచు ఇటువంటిదే.

ఆ ఊరిలోనే ఒక కళాశాల ప్రయోగశాలలో కొత్త యంత్రాన్ని నెలకొల్పారనుకుందాం. విద్యార్థి తన గది నుండి దానితో సంబంధం కలుపుకోబోతాడు. వెంటనే 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అని తిరస్కారం వస్తుంది. నిరాశ చెందనవసరం లేదు. జవాబు వచ్చిందంటే సాధారణంగా యంత్రం మేలుకొని ఉన్నట్టే, దారి సవ్యంగా ఉన్నట్టే. ఆ తలుపు వద్ద పలికేవారు లేరు, అంతే. ఏ జవాబూ రాకపోతే మాత్రం యంత్రం ఆగి ఉండవచ్చు, దారి తెగి ఉండవచ్చు, లేదా ఫైర్‌వాల్ మౌనంగా అడ్డుకొని ఉండవచ్చు.

ఈ తలుపులనే పోర్టులు అంటారు. ప్రతిదానికీ ఒక సంఖ్య ఉంటుంది. ఎఫ్‌టీపీకి 21, టెల్‌నెట్‌కు 23, ఉత్తరాల రవాణాకు 25. 'సర్వీసెస్' అనే దస్త్రంలో ఈ పేర్లూ సంఖ్యలూ వరుసగా ఉంటాయి. అయితే అది కాలపట్టిక వంటిది. పట్టికలో పేరున్నంత మాత్రాన బండి నడుస్తున్నదని చెప్పలేము.

కాబట్టి వెదకడానికి ఒక క్రమం ఉంది. ఆ సేవకు సంబంధించిన ప్రోగ్రాము యంత్రంలో అసలు ఉన్నదా? ఉంటే నడుస్తున్నదా? 'నెట్‌స్టాట్' లేదా 'ఎస్‌ఎస్' అనే ఆజ్ఞ ఏ తలుపు వద్ద ఎవరు వింటున్నారో చూపుతుంది. అక్కడ 127.0.0.1 అనే చిరునామా మాత్రమే కనిపిస్తే, ఆ సేవ తన యంత్రంలోని మాటలనే వింటున్నది. బయటివారి పిలుపు దానికి చేరదు.

పాత పద్ధతిలో 'ఐనెట్‌డీ' అనే ఒకే ద్వారపాలకుడు అనేక తలుపులను కాచేవాడు. అతని జాబితాలో పంక్తి మొదట # గుర్తు ఉంటే ఆ సేవ నిద్రలో ఉన్నట్టు. గుర్తు తొలగించి, జాబితాను మళ్లీ చదువుకొమ్మని సంకేతమిస్తే మేల్కొంటుంది. నేటి లినక్స్ యంత్రాలలో ఎక్కువగా ఆ పని 'సిస్టమ్‌సీటీఎల్' చేస్తుంది. అందులో 'స్టార్ట్' అంటే ఇప్పుడు నడుపుమని, 'ఎనేబుల్' అంటే యంత్రం మొదలైన ప్రతిసారీ నడుపుమని అర్థం. మొదటిది చేసి రెండవది మరచినవారికి కరెంటు పోయి వచ్చిన మరునాడు సేవ మళ్లీ మాయమవుతుంది.

ఇంతకూ తయారీదారులు ఈ తలుపులను ఎందుకు మూసి పంపుతారు? 1988 నవంబరు 2న అమెరికాలో రాబర్ట్ మారిస్ అనే విద్యార్థి వదిలిన 'పురుగు' వేలాది యూనిక్స్ యంత్రాలను స్తంభింపజేసింది. అది చొరబడిన మార్గాలలో ఒకటి 'ఫింగర్' సేవ. యంత్రాన్ని ఎవరు వాడుతున్నారో అడిగినవారికి చెప్పడమే దాని పని. చాలా చోట్ల ఎవరికీ అంతగా అవసరం లేకున్నా ఆ తలుపు తెరచి ఉండేది.

1995లో ఫిన్లాండులో ఒక విశ్వవిద్యాలయపు నెట్‌వర్కులో రహస్యపదాలు దొంగిలింపబడినప్పుడు, టాటు యిలోనెన్ ఎస్‌ఎస్‌హెచ్‌ను రచించాడు. 21కీ 23కీ నడుమ ఖాళీగా ఉన్న 22ను కోరి పొందాడు. టెల్‌నెట్ రహస్యపదాన్ని బాహాటంగా పంపుతుంది. ఇది గుప్తలిపిలో పంపుతుంది.

కనుక ప్రయోగశాలలో టెల్‌నెట్ కనిపించలేదని విద్యార్థి చింతించనక్కరలేదు. దాని పక్క తలుపు తెరిపించుకొని, ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క సంఖ్యకే అనుమతి ఇప్పించుకొని, మరొక యంత్రం నుండి పరీక్షించి చూస్తే చాలు. ఎవరి కోసమో చెప్పలేని తలుపును మూసి ఉంచడమే క్షేమం.