యూసుఫ్ (అలై) చెప్పని మాట

జ్ఞాపకానికి మా తెలంగాణలో జనం వాడే మాట ‘యాది’. పారసీకంలో పుట్టి, ఉర్దూ మీదుగా మన పల్లెల్లోకి వచ్చి, చివరకు అక్షరం రాని రైతు నోట కూడా అచ్చ తెలుగు మాటలా కుదురుకుంది. సామల సదాశివ గారు తమ వ్యాసాల సంపుటికి ఆ పేరే పెట్టుకున్నారు. మదరసాలలో వార్షిక పరీక్షలు షాబాన్ మాసంలో ముగుస్తాయి. ఆ తర్వాత షవ్వాల్ వరకు మా వంటి ఉపాధ్యాయులకు పాఠ్యగ్రంథాల బరువు ఉండదు. ఈ ఏడాది ఆ తీరికలో నేను చదువుకున్నవన్నీ ఇటువంటి యాదుల పుస్తకాలే. కొన్ని తెలుగువి, కొన్ని ఉర్దూవి.

సదాశివ గారు 1928లో ఆదిలాబాదు జిల్లాలో జన్మించి, 2012లో అదే ఆదిలాబాదులో కన్నుమూశారు. ఉర్దూ, ఫారసీ సాహిత్యాలనూ హిందూస్తానీ సంగీతాన్నీ తెలుగువారికి ఇంటి ముచ్చట్లంత సులువుగా వినిపించిన పెద్దమనిషి. తాను ఎరిగిన కవులను, గాయకులను, పండితులను ఆయన తలచుకునే తీరులో ఒక అదబు కనిపిస్తుంది. ఎదుటివారి గొప్పతనం చెప్పేటప్పుడు తాను కాస్త పక్కకు జరిగి నిలబడతారు. హైదరాబాదు మహాకవి అంజద్ రుబాయీలను తెలుగులోకి తెచ్చినవారు కూడా ఆయనే.

అంజద్ పేరు వచ్చింది కనుక ఆయన యాది గురించి ఒక మాట. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగినప్పుడు ఆ వరద ఆయన తల్లిని, భార్యను, కూతురిని ఒక్కపెట్టున తీసుకుపోయింది. ఆయన ఒక్కరే మిగిలారు. ఆ తర్వాత అర్ధ శతాబ్దానికి పైగా బ్రతికి 1961లో మరణించారు. ఆ వరద మీద ఆయన రాసిన దీర్ఘ కవితకు ‘చిన్న ప్రళయం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. అంతటి దుఃఖం అనుభవించిన మనిషి తక్కిన జీవితమంతా రుబాయీలలో కృతజ్ఞత గురించి, తృప్తి గురించి, దైవం మీద భారం వేయడం గురించి రాశాడంటే, ఆయనకు మరపు వచ్చిందని అర్థం కాదు. యాదిని ఎక్కడ ఉంచాలో ఆయనకు తెలిసింది.

ఉర్దూలో వ్యక్తుల జ్ఞాపక వ్యాసాన్ని ‘ఖాకా’ అంటారు. మౌల్వీ అబ్దుల్ హక్ గారు నిజాం రాజ్యంలోని ఔరంగాబాదులో చాలాకాలం ఉన్నారు. అక్కడి బీబీకా మఖ్బరా తోటమాలి నామ్‌దేవ్ మీద ఆయన రాసిన ఖాకాను నేను విద్యార్థిగా ఉన్నప్పుడు పాఠంగా చదివాను, ఇప్పుడు పాఠంగా చెబుతున్నాను. నవాబుల మీద రాసిన కలమే, సమాజం అంటరానివాడని పక్కన పెట్టిన ఒక తోటమాలి మీద అంతే గౌరవంతో నడిచింది. నామ్‌దేవ్‌కు సంతానం లేదు. మొక్కలనే పిల్లలుగా సాకాడు. ఒకనాడు తేనెటీగలు దాడి చేసినప్పుడు తక్కిన మాలీలు పారిపోతే, అతడు మాత్రం పనిలో మునిగి ఉండి వాటి కాటుకు ప్రాణం విడిచాడు. కుటుంబమంటే రక్తసంబంధం మాత్రమేనా అని ఆ వ్యాసం ఎక్కడా అడగదు. చదివినవాడికే ఆ ప్రశ్న పుడుతుంది.

ఇక మౌలానా అబుల్ హసన్ అలీ నద్వీ గారు. తొమ్మిదేళ్ల వయసులో, 1923లో, తండ్రిని కోల్పోయారు. తండ్రి హకీం సయ్యద్ అబ్దుల్ హై భారతదేశపు ముస్లిం ప్రముఖుల జీవిత చరిత్రలను అరబీలో ‘నుజ్‌హతుల్ ఖవాతిర్’ పేరుతో కూర్చారు. ఎనిమిది సంపుటాల ఆ మహాగ్రంథంలో చివరిది పూర్తికాకుండానే పరమపదించారు. తండ్రి వదిలిన ఖాళీలను పెరిగి పెద్దవాడైన కొడుకు పూరించాడు. తల్లి ఖైరున్నిసా గురించి ఆయన ‘జిక్రె ఖైర్’ అనే పుస్తకం రాశారు. తల్లి పేరులోని మాటే పుస్తకం పేరులోనూ ఒదిగింది. ఆమె ఖుర్ఆన్ హాఫిజా, కవయిత్రి. కొడుకు మీద ఎంతో ప్రేమ. కానీ రెండు విషయాలలో మాత్రం ఉపేక్ష లేదు. ఇషా నమాజు చదవకుండా నిద్రపోతే లేపి చదివించేది. పనివారి పిల్లల మీద చెయ్యి చేసుకుంటే, ఆ పిల్లల ముందే క్షమాపణ చెప్పించేది. పెద్ద పండితుడైన తర్వాత ఆయన తన చిన్ననాటి ఆ తలవంపును దాచుకోలేదు. అందులో తల్లి గొప్పతనం ఉంది కనుక!

మన విద్వాంసులు ‘ఇన్సాన్’ అనే పదానికి రెండు వ్యుత్పత్తులు చెబుతారు. ఒకటి ‘ఉన్స్’, అంటే మమకారం. రెండవది ‘నిస్‌యాన్’, అంటే మరపు. కుటుంబ జ్ఞాపకాల వ్యాసాలన్నీ ఈ రెండింటి మధ్యనే పుడతాయని నాకనిపిస్తుంది. బద్ర్ యుద్ధంలో బందీ అయిన తన భర్తను విడిపించుకునేందుకు దైవప్రవక్త (స) కుమార్తె హజ్రత్ జైనబ్ (రజి) పరిహారంగా ఒక హారం పంపారు. అది ఆమె పెండ్లినాడు తల్లి హజ్రత్ ఖదీజా (రజి) పెట్టిన హారం. దాన్ని చూడగానే దైవప్రవక్త (స) మనసు కరిగిపోయింది. అయినా ఆయన తన అధికారంతో దాన్ని తిప్పి పంపలేదు. సహచరులను అడిగారు. వారు సమ్మతించాకే బందీ విడుదలయ్యాడు, హారం జైనబ్‌కు తిరిగి చేరింది. నేనెరిగినంతలో ఒక వస్తువు మోసుకొచ్చిన యాదికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ లేదు.

ఇంతవరకు చెప్పినవన్నీ మంచి యాదులు. చిక్కంతా చేదు యాదులతోనే వస్తుంది. ఈమధ్య తెలుగులో వస్తున్న జ్ఞాపకాల వ్యాసాలలో తండ్రి తాగుడు, తల్లి గయ్యాళితనం, అన్నదమ్ముల ఆస్తి తగాదాలు విప్పి చెప్పడం సాధారణమైంది. నిజాయితీ అని కొందరు మెచ్చుకుంటున్నారు. మరి మన ధర్మంలో గీబత్ ఉంది. వెనుక చెప్పిన మాట నిజమే అయినా, ఆ మనిషికి అది కష్టం కలిగించేదైతే గీబతే. అబద్ధమైతే అది ఇంకా పెద్ద పాపం. మృతులను దూషించవద్దని వేరే ఆదేశం ఉండనే ఉంది. అప్పుడు ముస్లిం రచయిత తన ఇంటి గురించి ఏం రాయాలి?

ఇది నాకు పుస్తకాలలో ఎదురైన ప్రశ్న కాదు. నా వద్ద హిఫ్జ్ చేసి, తర్వాత తెలుగు మాధ్యమంలో పై చదువులు చదివి, ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న ఒక యువకుడు తన తండ్రి మీద వ్యాసం రాశాడు. (వారి అనుమతితోనే, ఊరూ పేరూ తీసివేసి చెబుతున్నాను.) తండ్రి మిల్లు కార్మికుడు. మిల్లు పని పోయాక మార్కెట్ యార్డులో బస్తాలు మోశాడు. ఇంటికి వచ్చి మాట్లాడేవాడు కాదు. మాట్లాడితే కోపం. ఒకనాడు అమ్మీ మెడలోని కాలీపోత్ లచ్ఛాను తీసుకుపోయి అమ్మేశాడని, ఆ రాత్రి ఎవరూ అన్నం తినలేదని వ్యాసంలో ఉంది. కొట్టిన దెబ్బల సంగతీ ఉంది. కిరాణా కొట్టులో తీరకుండా మిగిలిన ఖాతా సంగతీ ఉంది. ఆ వ్యాసం సంగతి ఎలాగో తెలుసుకున్న మేనత్త, “చచ్చిపోయిన మా అన్నను బజారులో నిలబెడతావా” అని మండిపడింది. ఇద్దరూ కలిసి నా దగ్గరకు వచ్చారు.

గీబత్‌కు మినహాయింపులను ఇమాం నవవీ (రహ్మ) ఆరుగా లెక్కించారు. అన్యాయానికి గురైనవాడు ఫిర్యాదు చేయడం, చెడును ఆపేందుకు సాయం కోరడం, ఫత్వా అడగడం, ఇతరులను హెచ్చరించడం వంటివి అందులో ఉన్నాయి. సాహిత్యం పేరు ఆ జాబితాలో లేదని మేనత్త పక్షాన వాదించడం తేలిక. కానీ మన హదీసు శాస్త్రంలోనే మరో సంగతి ఉంది. అలీ ఇబ్నుల్ మదీనీ (రహ్మ) గొప్ప హదీసువేత్త. హదీసు ఉల్లేఖకుడిగా ఆయన తండ్రిని ఎంతవరకు నమ్మవచ్చునని శిష్యులు ఆయననే అడిగారు. వేరెవరినైనా అడగండన్నారు. వారు వదలలేదు. ఆయన కొంతసేపు తల వంచుకున్నారు. తర్వాత తల ఎత్తి, ఇది ధర్మానికి సంబంధించిన విషయమని, తన తండ్రి బలహీనుడేనని చెప్పారు. ఈ ఉదంతాన్ని తరగతిలో చెప్పేటప్పుడు చాలామంది చివరి మాట మీదే నిలుస్తారు. నేను ఆ తల వంచుకున్న సమయం దగ్గర ఆగుతాను. తండ్రి లోపం చెప్పక తప్పని కొడుకు ముందుగా తల వంచుకోవాలి. నేటి జ్ఞాపక రచయితలలో కొందరికి తల ఎత్తడం మాత్రమే వచ్చినట్టుంది.

యూసుఫ్ (అలై) గాథ ఇంకా లోతైనది. సోదరులు ఆయనను బావిలో పడవేశారు. ఏళ్ల తర్వాత తల్లిదండ్రులు, సోదరులు అందరూ ఈజిప్టుకు వచ్చినప్పుడు ఆయన తనకు అల్లాహ్ చేసిన మేళ్లను ఎంచుతూ, తనను చెరసాల నుంచి బయటికి తీసిన సంగతి చెప్పారు. బావిలో నుంచి తీసిన సంగతి చెప్పలేదు! నిజానికి బావిలో నుంచి బ్రతికి బయటపడటం చిన్న మేలు కాదు. సోదరులు ఎదుట నిలబడి ఉన్నారు, వారు సిగ్గుపడకూడదని ఆ మాట మింగేశారని వ్యాఖ్యాతలు రాశారు. తనకూ సోదరులకూ మధ్య కలతను షైతాన్ మీద వేశారే తప్ప వారి మీద వేయలేదు. అయితే చూడండి, యూసుఫ్ (అలై) చెప్పని బావిని దివ్య ఖుర్ఆన్ చెప్పింది. ప్రళయం వరకు చదువుకునే గ్రంథంలో ఆ బావి ఉంది. కనుక బావి గురించి ఎవరూ ఎన్నడూ మాట్లాడరాదని కాదు. ఎవరి ఎదుట, ఎవరు, దేనికోసం చెబుతున్నారన్నదే ప్రశ్న.

ఈ మాటలే ఆ అబ్బాయికి చెప్పాను. వ్యాసం మొత్తం నా ముందు చదవమన్నాను. మేనత్తకు తెలుగు చదవడం రాదు. రాసినదాన్ని అప్పటికప్పుడు ఉర్దూలోకి మారుస్తూ వినిపించాడు. వరంగల్ ఇళ్లలో ఇప్పుడు ఇదొక మామూలు దృశ్యం. పెద్దల యాదులు ఒక లిపిలో, పిల్లల యాదులు మరొక లిపిలో ఉంటాయి. మా మొహల్లాలోనే ఎన్ని ఇళ్లలో తాతల ఉత్తరాలు చదివేవారు లేక ట్రంకుపెట్టెల్లో పడి ఉన్నాయో!

కిరాణా ఖాతా దగ్గరకు రాగానే నేను ఆపాను. “నాయనా, ఈ వాక్యం గీబత్ కాదు, సాహిత్యమూ కాదు. ఇది అప్పు” అన్నాను. జనాజా నమాజు చేయించే ముందు మృతునికి అప్పు ఉందా అని దైవప్రవక్త (స) అడిగేవారు. వారసులకు ఆస్తి పంచేముందు అప్పు తీర్చాలి. అతడికి ఆ మాట తోచనే లేదట. తండ్రి పేదరికానికి గుర్తుగా దాన్ని రాశాడు. మరునాడే ఆ కొట్టుకు వెళ్లాడు. పాత సేటు లేడు, కొడుకు ఉన్నాడు. ఖాతా పుస్తకాలు ఎప్పుడో చెదలు పట్టి పోయాయి. ఎంత బాకీ అన్నది ఇద్దరికీ తెలియదు. తల్లి గుర్తు చేసుకున్న మొత్తానికి కొంత కలిపి ఇస్తే, సేటు కొడుకు చాలాసేపు వద్దని, చివరకు తీసుకున్నాడు. తన తండ్రి కూడా ఆ పేరు అప్పుడప్పుడు తలిచేవాడని చెప్పాడట. బాకీ కోసం కాదు, ఆ మనిషి ఏమయ్యాడోనని.

లచ్ఛా దగ్గర మాత్రం మేనత్తే ఆపింది. అంతవరకు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటున్న ఆమె, “అది మీ అమ్మది కాదు బేటా” అంది. అబ్బాయి కాగితం దించాడు. “మీ అమ్మది అంతకు ముందే పోయింది. ఆ రోజు అన్న తీసుకుపోయింది నాది. మీ అమ్మ మెడలో వేసి పంపింది నేనే. ఆడబిడ్డ నగ అని తెలిస్తే అన్న ముట్టుకునేవాడు కాదు. నీ బడి ఫీజు కట్టాలి గదా.” తండ్రికి తెలియకుండా వదినా ఆడబిడ్డలు కలిసి ఆడిన నాటకం అది. ఇన్నేళ్లు ఇద్దరూ నోరు విప్పలేదు. అన్నను బజారులో నిలబెడుతున్నాడని ఆమె పడ్డ బాధ నిజమే. దాని వెనుక, తాను ఇచ్చినది బయట పడుతుందేమోనన్న భయం కూడా ఉంది. కుడి చేయి ఇచ్చినది ఎడమ చేతికి తెలియకూడదని నేర్చుకున్న తరం కదా వారిది!

దెబ్బల సంగతి తీసివేయమని నేను చెప్పలేదు. మిల్లు పని పోయిన ఇళ్లలో ఏం జరిగిందో ఎవరో ఒకరు చెప్పాలి. అయితే దాని తర్వాత ఒక పేరా చేరింది. జ్వరం వచ్చిన కొడుకును భుజాన వేసుకుని తండ్రి రాత్రంతా వరండాలో తిరిగిన సంగతి అందులో ఉంది. అదీ నిజమేనట, ఇంతకు ముందు రాయాలని తోచలేదన్నాడు. లచ్ఛా వాక్యం కొట్టివేశాడు. అక్కడ ఏం రాయాలన్నది మేనత్తతో ఇంకా తేలలేదు. ఆమె ఒప్పుకోవడం లేదు, అతడు వదలడం లేదు. నెలకోసారి వరంగల్ వచ్చినప్పుడల్లా కాగితాలు వెంట తెస్తున్నాడు. వ్యాసం అచ్చు వేయవద్దన్న ఆమెే, “ఏదీ, మా అన్న జ్వరంలో నిన్ను ఎత్తుకు తిరిగింది మళ్లీ ఒకసారి చదువు” అని అడుగుతోందట.