అరకు పంట, అస్సాం కప్పు
పెద్ద అంబర్‌పేట్‌లో ఔటర్ రింగురోడ్డు దిగి విజయవాడ దారి పట్టేవాళ్లకు ముందు ఎదురయ్యేది టీ కొట్టే. కాఫీ అడిగితే వేడి పాలలో ఇన్‌స్టంట్ పొడి కలిపి, నాలుగుసార్లు తిరగబోసి చేతికిస్తారు. తెలుగు నేలపై చెప్పుకోదగ్గ టీ తోటలు లేవు. కాఫీని మాత్రం అరకు గిరిజన రైతులు పండిస్తున్నారు. దానికి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది, అంతకుముందే పారిస్‌లో దుకాణమూ వెలిసింది. అయినా మన హైవే మీద టీదే రాజ్యం. ఇందులో రుచి కన్నా బేరం వాటమే ఎక్కువ: టీ పొద్దస్తమానం పొయ్యి మీద మరిగినా చెల్లుతుంది, ఫిల్టర్ కాఫీ డికాక్షన్ నిలవుంటే కమ్మదనం పోతుంది. ఇరానీలు దమ్ చాయ్‌ని హైదరాబాద్‌కు మప్పినప్పుడు, మన అరకు ఫిల్టర్ కాఫీని ఈ కూడలికి మనం మప్పలేమా? పూటపూటా తాజా డికాక్షన్ దించే ఓపికున్న కొట్టు ఒక్కటి చాలు, గిరాకీ దానంతటదే వస్తుంది.