సేవ పేరిట జీతము తగ్గింపవచ్చునా?



మన సంఘములలోను ధర్మసంస్థలలోను తరచుగా వినబడు మాట ఒకటి కలదు: "అది సేవ గదా, సేవకు జీతమేమి?" ఈ మాట చెవికి భక్తిగా తోచును. కాని మరణమునకు సమీపించిన రోగులను చూచుటకు వారమునకు కొన్ని గంటలు వచ్చు డాక్టరుతో జీతము మాటలాడునప్పుడు దీనిని ప్రయోగించుట భక్తి కాదు, అన్యాయము.

ఇక నయము కాదని తేలినవారికి నొప్పి తగ్గించి, తుదివరకు ఆదరించు గృహమును హాస్పీస్ అందురు. సిసిలీ సాండర్స్ అను ఆమె మొదట నర్సుగా పనిచేసి, పిమ్మట వైద్యవిద్య నేర్చి, 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్‌ను తెరచెను. మన దేశములో 1986లో బొంబాయిలో శాంతి అవేదన ఆశ్రమము వెలసెను. 1993లో కోళిక్కోడులో ఏర్పడిన సంఘము రోగుల యిండ్లకే వెళ్లి చూచు పద్ధతికి కేరళలో దారి చూపెను. దినమంతయు ఉండు డాక్టరును పెట్టుకొను శక్తి లేని చిన్న గృహములకు కొన్ని గంటలు వచ్చు డాక్టరే దిక్కు.

ఆ కొన్ని గంటలు ఎన్ని? కమిటీవారు మంచములయొద్ద నిలుచు గంటలను మాత్రమే లెక్కింతురు. ఒక లెక్క వేసి చూడుడి. వారమునకు 10 గంటలకు, గంటకు 1,000 రూపాయల చొప్పున, 10,000 రూపాయలకు ఒప్పుకొన్నాడనుకొందము. రాకపోకలకు 3 గంటలు, నర్సులతో కూడి మాటలాడుటకు 2 గంటలు, కాగితములు వ్రాయుటకు 2 గంటలు. మొత్తము 17 గంటలు. గంటకు 600 రూపాయలైనను గిట్టలేదు! నడిరాత్రి వచ్చు ఫోనులు ఇంకను లెక్కలోనికి రాలేదు.

మార్ఫీను సంగతి చూడుడి. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము వచ్చిన పిమ్మట రోగులకు అది దొరకుట దుర్లభమాయెను. 2014లో పార్లమెంటు ఆ చట్టమును సవరించి దారి సులువు చేసెను. అయినను గుర్తింపు పొందిన సంస్థయే దానిని ఉంచుకొనవలెను; శిక్షణ పొందిన డాక్టరు బాధ్యత వహింపవలెను; లెక్క పుస్తకములో ఉండవలెను. గంటలు కొన్నియే గాని బాధ్యత పూర్తిది.

అమెరికాలో 1983 నుండి మెడికేర్ అను ప్రభుత్వ భీమా హాస్పీసులకు రోగికి దినమునకు ఇంత అని చెల్లించుచున్నది. డాక్టరు, నర్సు మొదలగువారు 15 దినములకొకసారియైనను ప్రతి రోగి సంగతి విచారింపవలెను. వ్యాధి తన దారిన నడచినచో ఆయువు 6 నెలలకు మించదని డాక్టరు వ్రాసి సంతకము చేయవలెను. మన తెలుగు డాక్టర్లు అనేకులు ఆ దేశములో ఉన్నారు. కూటమికెంత, రాత్రి పిలుపులకెంత అని ముందుగా అడుగుట అక్కడ సాధారణము. ఇక్కడ అడిగినవాడు మాత్రము ధనాపేక్షగలవాడట!

"మాయొద్ద సొమ్ము లేదు" అందురు. అది నిజమే కావచ్చును. అట్లయిన 10 గంటలకు బదులు 6 గంటలు అడుగుడి. ఆ 6 గంటలకు న్యాయమైన వెల ఇయ్యుడి. సొమ్ము తక్కువైనచో పని తగ్గింపవలెను గాని పనివాని వెల తగ్గింపరాదు. "ఫలానావారు ఉచితముగా వచ్చుచున్నారే" అందురు. మనఃపూర్వకముగా ఇచ్చునది కానుక. సిగ్గుపరచి తీసికొనునది కానుక కాదు. పైగా ఉచితముగా చేయగలవారికే ఈ పని దక్కినచో, అప్పుచేసి చదివిన బీదవాని కుమార్తె ఇందులోనికి ఎట్లు రాగలదు?

ద్రాక్షతోట యజమానుని ఉపమానము మీకు తెలిసినదే. ఉదయమున వచ్చిన కూలివారితో అతడు ముందుగా కూలి మాటలాడుకొనెను. సాయంకాలమున ఒక్క గంట పనిచేసినవానిని కూడ తక్కువ చేయలేదు. కూలి ప్రొద్దుగ్రుంకక మునుపే చెల్లింపవలెనని మోషే ధర్మశాస్త్రము ఆజ్ఞాపించెను. సేవ పేరు చెప్పి కూలి బిగబట్టుమని ఏ ప్రవక్తయు చెప్పలేదు.

ఈ పనికి పిలువబడిన డాక్టరుగారూ, మీతోను ఒక మాట. ఒప్పందము కాగితముమీద పెట్టుడి. ఒక నెల మీ గంటలన్నియు వ్రాసికొని చూపుడి. రాత్రి పిలుపులకు, ప్రయాణపు ఖర్చునకు వేరుగా అడుగుడి. మీరు లేని దినమున ఎవరు చూతురో ముందే తేల్చుకొనుడి. ఏటేట ఒప్పందమును తిరిగి చూడవలెనని వ్రాయుడి. సొమ్ము తిరిగి ఇయ్య దలచినచో పుచ్చుకొని, పిమ్మట చందాగా ఇయ్యుడి. అప్పుడు పని యొక్క నిజమైన ఖర్చు లెక్కలో కనబడును.

తుదకు నష్టపోవువాడు డాక్టరు కాడు. అతనికి మరియొక ఆసుపత్రి దొరకును. అతడు విసిగి పోయిన నాటి రాత్రి, మాత్ర వ్రాయువాడు లేక, నొప్పితో పండ్లు బిగబట్టి తెల్లవారువరకు మూల్గువాడు మన యూరివాడే, ఒకవేళ మన తండ్రియే. కావున మీ సంఘము ఇట్టి గృహమునకు చందా పంపుచున్నయెడల, తరువాతి కూటములో లేచి అడుగుడి: "మన డాక్టరుకు ఏమిచ్చుచున్నారు? ఎన్ని గంటలకు?" సమాధానము వచ్చువరకు కూర్చుండకుడి.