పచ్చని నీళ్లు

మొన్న ఆదివారం సాయంత్రం మా మనవరాలు నన్ను దుర్గం చెరువు మీది తీగల వంతెనకు లాక్కుపోయింది. 2020లో తెరిచినది మొదలు, ఊరి నుంచి వచ్చిన చుట్టాలకు చూపించవలసిన వింతల్లో అదొకటి అయి కూర్చున్నది. చుట్టూ అద్దాల మేడలు, క్రింద చెరువు.

"తాతయ్యా, నీళ్లెంత పచ్చగా ఉన్నాయో! చెట్లు పచ్చగా ఉంటే మంచిదంటావు గదా, నీళ్లూ అంతేనా?" అన్నది.

పిల్లల ప్రశ్నలకు ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవడం నాకు అలవాటే. కాని ఈ ప్రశ్న కోసం మన ఊళ్లోనే కొందరు ఏళ్ల తరబడి చెరువు గట్లు పట్టుకు తిరిగారు. ఆ సంగతి తెలిసి ఉండిన్నీ దాటవేయడం భావ్యం కాదనిపించింది.

ఉస్మానియా విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర శాఖలో ఎ. ఆర్. జాఫర్ గారు హైదరాబాదు చేపల చెరువుల్లోని నాచును పరిశీలించి, 1964 నుంచి 'హైడ్రోబయాలజియా' అనే విదేశీ శాస్త్రపత్రికలో వ్యాసాలు ప్రకటించారు. ఆ తర్వాత ఎం. మునవర్ గారు అదే దారి పట్టారు. మురుగు కలిసిన కుంటలనూ కలవని కుంటలనూ ప్రక్కప్రక్కన పెట్టి పోల్చిన ఆయన వ్యాసాలు 1970లో మొదలై, 1974 దాకా ఆ పత్రికలోనే వచ్చాయి.

ఏమిటా పని అంటే, చెప్పుకోవడానికి ఏమంత వైభవంగా ఉండదు. సీసాలో నీళ్లు పట్టుకు రావడం, వాటిలో ఉప్పులెన్ని, ప్రాణవాయువెంత అని తేల్చడం, సూక్ష్మదర్శిని క్రింద కంటికి కనబడని నాచుకణాలను జాతులవారీగా లెక్కపెట్టడం. మళ్లీ వెళ్లడం, మళ్లీ లెక్కపెట్టడం. ఎండాకాలంలో తేలిన జాతి వానాకాలంలో ఉండదు. ఒక్కనాడు చూసి చెరువు సంగతి తేల్చడం, పెళ్లిచూపులనాడు చూసి పిల్ల గుణం చెప్పడం వంటిది.

ఎందుకంటారా? నీరు చిక్కటి పచ్చగా ఉందంటే అందులో నాచు విపరీతంగా పెరిగిందన్నమాట. ఎండ ఉన్నంతసేపూ నాచు ప్రాణవాయువును విడుస్తుంది. మధ్యాహ్నం కొలిచినవాడు "చెరువు దివ్యంగా ఉంది" అని వ్రాసుకుపోతాడు. చీకటి పడ్డాక ఆ నాచే ప్రాణవాయువును విడవడం మానేసి, పీల్చుకోవడం మాత్రం సాగిస్తుంది. అడుగున కుళ్లే చెత్త కూడా తన వాటా లాక్కుంటుంది. తెల్లవారుజాముకు చేపలకు ఊపిరి అందదు. చెరువుల్లో చేపలు తెల్లారేసరికి తేలడం వెనుక చాలాసార్లు ఉండే రహస్యం ఇదే.

మునవర్ గారు తరువాత కెనడా వెళ్లారు. బర్లింగ్టన్‌లో ఆ దేశపు మత్స్యశాఖ పరిశోధకుడుగా అమెరికా సరిహద్దులోని మహా సరస్సుల మీద దశాబ్దాలు పనిచేశారు. మన కుంటలెక్కడ, సముద్రాల్లాంటి ఆ సరస్సులెక్కడ! కాని అక్కడా ఆయన లెక్కపెట్టింది ఆ నాచుకణాలనే.

వాటిలో ఈరీ సరస్సు 1960ల నాటికి చచ్చిపోయిందని జనం అనుకునేవారు. మురుగులోనూ, బట్టల సబ్బు పొడిలోనూ, పొలాల ఎరువులోనూ ఉండే భాస్వరం నాచుకు విందుభోజనం. 1972లో రెండు దేశాలూ ఒడంబడిక చేసుకొని భాస్వరాన్ని తగ్గించాయి, సరస్సు కోలుకుంది. పోనీ, కథ సుఖాంతమా అంటే కాదు. 2014 ఆగస్టులో మైక్రోసిస్టిస్ అనే నాచు విషం నీటి సరఫరాలో కలిసి, టొలీడో నగరం చుట్టుప్రక్కల దాదాపు 5 లక్షలమంది మూడురోజులపాటు కుళాయినీరు త్రాగలేకపోయారు. కాచి త్రాగితే సరిపోతుందనుకుంటారేమో! కాస్తే నీరు ఆవిరవుతుంది, విషం చిక్కబడుతుంది.

ఈ దుర్గం చెరువు ఒకప్పుడు గోలకొండ కోటకు మంచినీరిచ్చిందని చెబుతారు. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక చుట్టూ మేడలు లేచాయి. మేడలు కట్టినంత చురుకుగా మురుగు సంగతి ఎవరూ చూడలేదని నా ఫిర్యాదు. ఇప్పుడు శుద్ధి కేంద్రాలు వచ్చాయి, సంతోషమే. కాని భాస్వరాన్ని ప్రత్యేకంగా తీయకపోతే, తేటగా కనబడే నీటితోపాటే అది చెరువులో చేరుతుంది. ఆ మాట మటుకు ఎవరో ఒకరు నెలనెలా కొలిచి చెప్పవలసిందే.

"మనం కొలవలేమా?" అన్నది మనవరాలు.

కొలవవచ్చు. ఆంజెలో సెక్కి అనే ఇటలీ పాదిరీ 1865లో తెల్లని బిళ్లను త్రాటికి కట్టి సముద్రంలోకి దింపి, ఎంత లోతులో కనుమరుగవుతుందో చూశాడు. ఈనాటికీ శాస్త్రజ్ఞులు అలాంటి బిళ్లనే వాడుతున్నారు. చెరువులో పడవ షికారు ఉండనే ఉంది. ఇంటికి రాగానే ఆ పిల్ల వంటింట్లోకి పరుగెత్తి తెల్ల పింగాణీ పళ్లెం తీసింది. అది అత్తవారిచ్చిన సెట్టులోదనిన్నీ, చెరువులో ముంచడానికి ఇచ్చేది లేదనిన్నీ మా ఆవిడ ఖండితంగా చెప్పింది. ప్లాస్టిక్ మూతకు తెల్లరంగు పూసి, ఆరబెట్టి ఉంచాం.