వెనక్కి చూడకుండా చేయి చాపితే...

ముందుగా ఓ చిన్న లెక్క. వంద మీటర్లు పరుగెత్తడానికి ఒక్కో మనిషికి 10.30 సెకన్లు పడుతుందనుకుందాం. అలాంటి నలుగురు ఒకరి తర్వాత ఒకరు తలా వంద మీటర్లు పరుగెడితే మొత్తం ఎంత సమయం పడుతుంది? బడికెళ్లే పిల్లాడినడిగినా 41.20 సెకన్లని టక్కున చెప్పేస్తాడు.

2010 అక్టోబరు 12న ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో ఈ లెక్క తప్పింది. అది కామన్వెల్త్ క్రీడల్లో పురుషుల 4×100 మీటర్ల రిలే ఫైనల్. మన దేశం తరఫున రహమతుల్లా మొల్లా, సురేశ్ సత్య, షమీర్ మోన్, అబ్దుల్ నజీబ్ ఖురేషీ బరిలోకి దిగారు. పరుగు ముగిసేసరికి గడియారం చూపించింది 38.89 సెకన్లు! కొత్త జాతీయ రికార్డు, మెడలో కాంస్య పతకం. స్వర్ణం గెలిచిన ఇంగ్లండ్‌కి పట్టిన సమయం 38.74 సెకన్లు, రజతం అందుకున్న జమైకాకి 38.79. మొదటి స్థానానికీ మూడో స్థానానికీ మధ్య ఉన్నది ఒక్క రెప్పపాటు.

ఆ నలుగురిలో నజీబ్ ఖురేషీ మన హైదరాబాదీ. అంతకు కొద్దిరోజుల ముందే అదే ట్రాక్ మీద వంద మీటర్లు 10.30 సెకన్లలో పరుగెత్తి, 2005 నాటి అనిల్ కుమార్ జాతీయ రికార్డును సమం చేశాడు. అదే రోజు మహిళల 4×100 రిలేలోనూ మనకు కాంస్యం దక్కింది. ఆ జట్టులో పశ్చిమ గోదావరి అమ్మాయి సత్తి గీత ఉంది. ఒకేరోజు రెండు రిలే పతకాలు, రెండింటిలోనూ అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా! ఇంత ఘనత మనలో ఎందరికి గుర్తుంది చెప్పండి?

సరే, మళ్లీ లెక్క దగ్గరికొద్దాం. 10.30 కంటే వేగంగా పరుగెత్తిన భారతీయుడు అప్పటికి రికార్డు పుస్తకాల్లో ఒక్కడూ లేడు. మరి ఈ నలుగురూ కలిసి సగటున వంద మీటర్లకు 9.72 సెకన్లే ఎలా తీసుకున్నారు? ఆ రెండు సెకన్ల పైచిలుకు ఎక్కడ మిగిలింది?

కిటుకంతా చేతుల్లోనే

మొదటివాడొక్కడే నిలబడ్డ చోటి నుంచి పరుగు మొదలుపెడతాడు. మిగతా ముగ్గురూ అప్పటికే పరుగులో ఉండగా బ్యాటన్ అందుకుంటారు. వేగం పుంజుకోవడానికి పట్టే సమయం అక్కడ కలిసొస్తుంది. అయితే ఇది ఊరికే వచ్చే లాభం కాదు. బ్యాటన్ మార్పిడి సరిగ్గా కుదరాలి.

బ్యాటన్ పొడవు 28 నుంచి 30 సెంటీమీటర్లు. బరువు 50 గ్రాములకు తగ్గకూడదు. దాన్ని నిర్ణీత జోన్‌లోనే మార్చుకోవాలి. ఢిల్లీ పోటీల నాటికి ఆ జోన్ 20 మీటర్లు, దానికి ముందు ఊపందుకోవడానికి మరో 10 మీటర్లు ఉండేవి. 2017 చివర్లో నిబంధన మార్చి మొత్తం 30 మీటర్లనూ జోన్‌గా చేశారు. మనుషులు ఎక్కడున్నారన్నది కాదు, చేతులు మారే క్షణంలో బ్యాటన్ ఎక్కడుందన్నదే అంపైర్లు చూస్తారు.

అందుకోబోయేవాడు ట్రాక్ మీద అడుగులు లెక్కపెట్టుకుని ఓ టేపు ముక్క అతికించుకుంటాడు. వెనక నుంచి వచ్చేవాడు ఆ గుర్తు దాటీ దాటగానే ఇతను ముందుకు దూకుతాడు. ఇక వెనక్కి చూడటమన్నది ఉండదు. కేక వినపడగానే చేయి వెనక్కి చాపుతాడంతే. మొదటివాడి కుడిచేతి నుంచి రెండోవాడి ఎడమచేతికి, అక్కడి నుంచి మూడోవాడి కుడిచేతికి, ఆఖరివాడి ఎడమచేతికి... ఇలా సాగుతుంది మార్పిడి. ఒక్క క్షణం ముందు దూకితే బ్యాటన్ అందదు. ఒక్క క్షణం ఆలస్యమైతే వచ్చేవాడు మీద పడతాడు.

హేమాహేమీలకూ తప్పలేదు

ఈ మార్పిడి దగ్గరే ఎందరో మహామహులు బోల్తాపడ్డారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్ హీట్స్‌లో అమెరికా పురుషుల జట్టు బ్యాటన్ జారవిడిచింది. మహిళల జట్టుదీ అదే కథ. 2024 పారిస్‌లో అమెరికా మొదటి మార్పిడే గాడి తప్పింది. క్రిస్టియన్ కోల్‌మన్ చేరుకునేలోపే కెన్నీ బెడ్నారెక్ ముందుకు దూకేశాడు. జట్టు అనర్హతకు గురైంది. స్వర్ణం కెనడా ఎగరేసుకుపోయింది.

దీనికి పూర్తిగా రివర్సు జపాన్. 2016 రియో ఒలింపిక్స్ నాటికి వాళ్ల జట్టులో పది సెకన్ల లోపు వంద మీటర్లు పరుగెత్తినవాడు ఒక్కడూ లేడు. అయినా బ్యాటన్‌ను కింది నుంచి అందించే పద్ధతిని ఏళ్ల తరబడి సాధన చేసి, 37.60 సెకన్లలో రజతం కొట్టారు. బోల్ట్ ఉన్న జమైకా తర్వాత వాళ్లే! అలాగని చేయి తిరిగినవాళ్లకు పొరపాటు జరగదని కాదు. 2021లో సొంతగడ్డ టోక్యోలో జరిగిన ఫైనల్లో అదే జపాన్‌కి మొదటి మార్పిడే కుదరక పరుగు అక్కడే ఆగిపోయింది.

ఢిల్లీలో మనవాళ్లు పెట్టిన రికార్డు 2025 ఏప్రిల్ దాకా నిలిచింది. చండీగఢ్‌లో గురిందర్‌వీర్ సింగ్, అనిమేశ్ కుజుర్, మణికంఠ హోబ్లిధర్, అమ్లాన్ బొర్గోహైన్ 38.69 సెకన్లలో పరుగెత్తి దాన్ని చెరిపేశారు. పద్నాలుగేళ్లు దాటాక మెరుగుపడింది సెకనులో అయిదో వంతు మాత్రమే!

అమీర్‌పేటలో అంచె పరుగు

రిలేకి తెలుగులో చక్కటి మాట ఉంది... అంచె. 'అంచెలంచెలుగా ఎదిగాడు' అంటుంటాం కదా, అదే. ఆ అంచెలు చూడాలంటే స్టేడియానికే వెళ్లక్కర్లేదు. మియాపూర్ నుంచి మెట్రోలో వచ్చి రాయదుర్గం వెళ్లాలంటే అమీర్‌పేటలో రైలు మారాల్సిందే. మారే చోటే రద్దీ, మారే చోటే తోపులాట. జీవితంలోనూ అంతే.

స్టేషన్ దిగి మైత్రీవనం వైపు నడవండి. జావా, టెస్టింగ్, డేటా సైన్స్ అంటూ బోర్డులే బోర్డులు. అక్కడ కనిపించే ప్రతి కుర్రాడూ ఒంటరిగా పరుగెడుతున్నట్టే ఉంటాడు. నిజానికి చాలామంది అంచె పరుగులో ఉన్నవాళ్లే. ఊళ్లో నాన్న అప్పు చేసి అన్నయ్యని పంపుతాడు. అన్నయ్య ఉద్యోగంలో చేరి తమ్ముణ్ని పిలిపిస్తాడు. హాస్టల్లో మంచం, రైస్ కుక్కర్, జిరాక్స్ మెటీరియల్, ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నలు... అన్నీ చేతులు మారతాయి. తమ్ముడు సున్నా నుంచి మొదలుపెట్టడు. ఆ రెండు సెకన్లు మిగిలేది ఇలాగే!

పక్క స్టేషనే పంజాగుట్ట. అక్కడి నిమ్స్ కావచ్చు, మరే ఆసుపత్రైనా కావచ్చు, నర్సులు డ్యూటీ మారే వేళ గమనించారా? ఏ పేషెంటుకు ఏ మందు ఇచ్చారో, ఏది ఇవ్వాలో చెప్పి మరీ వెళతారు. ఆ ఒక్క మాట జారిందా, అది జారిన బ్యాటన్‌తో సమానం.

ఇళ్లల్లో మనం చేసే పొరపాటు వేరు. అందించేదాకా బాగానే పరుగెడతాం, అందించాక వదలం. చదువు చెప్పించి, సిటీకి పంపి, రోజూ ఫోన్‌లో 'ఆ కోర్సెందుకు, ఈ కోర్సు చేయరా' అంటాం. ఇద్దరూ పట్టుకుని లాగుతుంటే బ్యాటన్ ముందుకు కదలదు. మరి పిల్లలో? కొందరు అందుకోకుండానే ఉరుకుతారు. ఇంకొందరు వెనక్కి చూస్తూ నిలబడిపోతారు. కేక వేయాల్సినవాళ్లు సమయానికి వేయాలి, చేయి చాపాల్సినవాళ్లు నమ్మకంతో చాపాలి.

బ్యాటన్ ఇచ్చేసినవాడికీ ఓ నియమం ఉంది. పక్క లేన్లవాళ్లు దాటిపోయేదాకా తన లేన్‌లోనే ఉండాలి, ఎవరికీ అడ్డుపడకూడదు. పెద్దవాళ్లకి ఇంతకంటే మంచి సలహా ఏముంటుంది? ముందుకెళ్లేవాణ్ని అక్కడి నుంచే చూస్తూ ఉత్సాహపరచొచ్చు.

చివరి గీత దాటేది ఒక్కడే. ఫొటోలో పడేదీ అతనే. పతకం మాత్రం నలుగురి మెడలోనూ వేస్తారు.