కంచె దాటిన పెన్న

పెన్నా నది ఒడ్డున ఒక జాతీయ పార్కు ఉంది. కడప జిల్లా ప్రొద్దుటూరు దగ్గర రామేశ్వరంలో 2005లో ప్రకటించిన ఆ పార్కు విస్తీర్ణం 2.4 చదరపు కిలోమీటర్లే. గోదావరి మీది పాపికొండల పార్కు వెయ్యి చదరపు కిలోమీటర్ల పైమాటే. నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు నడిచే పెన్నకు దక్కింది అంత చిన్న కంచె. ఆ కంచెలో పట్టని జీవాలు పొలాల్లో, తుప్పల్లో, చెరువు గట్ల మీద బతుకుతున్నాయి.

అనంతపురం జిల్లా గార్లదిన్నె మండలంలోని పెనకచెర్ల డ్యామ్‌నే చూడండి. పెన్నకు సొంత నీళ్లు అరుదు. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లొస్తేనే డ్యాముకు కళ. చలికాలపు వలస పక్షులు అక్టోబరు, నవంబరుల్లో దిగి మార్చికల్లా వెళ్లిపోతాయి. తలపై నల్లపట్టీల బాతులు హిమాలయాలు దాటి జిల్లా చెరువులకు వస్తాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చూడదగ్గ కాలమని చెప్పడం తేలిక. నీళ్లు రాని ఏడు ఆ మాట చెల్లదు. అంచులదాకా నిండినా చిక్కే: బురదలో మేత వెతుక్కునే పిట్టలకు లోతు తక్కువ ఒడ్డు కావాలి.

చిలమత్తూరు మండలం వీరాపురం ఎర్రకాళ్ల కొంగలది వేరే లెక్క. చలికాలంలో వచ్చి, చింతచెట్లపై పిల్లల్ని పెంచి, వేసవి దాటాక వెళ్తాయి. సైబీరియా నుంచి వచ్చాయని ఏటా రాస్తుంటారు గానీ, అవి దక్షిణాసియా పక్షులే. వాటి కోసం ఊరివాళ్లు చింతపండు రాబడినీ, టపాసుల సరదానూ వదులుకున్నారు. ఏ పార్కూ ఇంత చేయలేదు.

తుప్పల సంగతి మరీ అన్యాయం. 1900లో అనంతపురం దగ్గర కనిపించిన కలివికోడి అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దాని కోసం లంకమలలో అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి మళ్లింది. అది బతికేది పలచని ముళ్లపొదల్లో. అలాంటి నేలే రెవెన్యూ రికార్డుల్లో బంజరవుతుంది, ఏ ప్రాజెక్టు వచ్చినా ముందు పోయేదీ అదే.

కృష్ణజింక రాష్ట్ర జంతువు; అది మేసే వేరుశనగ మొలక మాత్రం రైతుది. పంట పరిహారం వేళకు అందాలి. బంజరు ఇచ్చేముందు అక్కడేం బతుకుతోందో లెక్క తీయాలి. డ్యాముల నీటి పంపకంలో మార్చి దాకా పక్షుల వాటా కూడా రాయాలి. పెన్న సీమకు మరో పార్కు బోర్డు కన్నా ఈ మూడు పనులే ముఖ్యం.